సముద్రం లోతు: తాడా, సోనారా, ఉపగ్రహమా?

సముద్రం లోతు కొలవడానికి ఏది మేలని అడిగితే నేను శబ్దం పంపి ప్రతిధ్వనితో కొలిచే సోనార్‌నే అంటాను. అయితే మనం ఫోన్‌లో చూసే మ్యాపుల్లో నీలం రంగు కింద కనిపించే కొండలూ లోయలూ చాలావరకు ఉపగ్రహం ఇచ్చినవే. ఈ తిరకాసు ఏమిటో తెలియాలంటే పాత తాడు దగ్గర మొదలుపెట్టాలి.

సీసపు గుండు కట్టిన తాడును నీళ్లలోకి వదిలి, గుండు నేలకు ఆనేసరికి ఎన్ని బారలు దిగిందో లెక్కపెట్టేవారు. బార అంటే రెండు చేతులూ చాచినంత పొడుగు. ఇంగ్లీషువాళ్ల ఫాదమ్ కూడా దాదాపు అంతే, ఆరడుగులు. 1875 మార్చిలో చాలెంజర్ అనే ఓడ పసిఫిక్‌లోని మరియానా దీవుల దగ్గర ఇలాగే 4,475 ఫాదమ్‌లు, అంటే ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు కొలిచింది. కానీ అంత లోతున ఒక్క చోటు కొలవడానికే గంటలు పట్టేది. ఈలోపు ప్రవాహం తాడును పక్కకు లాగేసేది. ఒక్క విషయంలో మాత్రం తాడుదే పైచేయి. గుండు అడుగున కొవ్వు పూసి వదిలితే ఇసుకో బురదో అంటుకుని పైకి వచ్చేది. కింద నేల ఎలాంటిదో చేత్తో పట్టుకుని చూడొచ్చు.

సోనార్ లెక్క వినడానికి చాలా తేలిక. ఓడ కింద నుంచి శబ్దం పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయంలో సగాన్ని నీటిలో శబ్ద వేగంతో గుణిస్తే లోతు వచ్చేస్తుంది. ఆ వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. చిక్కంతా ఆ ‘సుమారు’ దగ్గరే. నీటి వేడి, ఉప్పదనం, ఒత్తిడి మారితే వేగమూ మారుతుంది. 4,000 మీటర్ల లోతున వేగాన్ని ఒక్క శాతం తప్పుగా తీసుకుంటే లోతు 40 మీటర్లు తేడా వస్తుంది. అందుకే సర్వే ఓడలు ముందు ఒక పరికరాన్ని నీళ్లలోకి దించి, ఏ లోతున వేగం ఎంతో చూసుకుంటాయి. సముద్రాల్లో అన్నిటికన్నా లోతైన చోటు చాలెంజర్ డీప్, దాదాపు 10,900 మీటర్లు. అక్కడ ప్రతిధ్వని కోసం 14 సెకన్లకు పైనే ఆగాలి.

ఇప్పటి మల్టీబీమ్ సోనార్ ఓడకు రెండు వైపులా ఒక వెడల్పాటి పట్టీని ఒకేసారి కొలుస్తుంది. శబ్దాన్ని 120 డిగ్రీల వెడల్పున పంపితే పట్టీ వెడల్పు లోతుకు మూడున్నర రెట్లు. అంటే 4,000 మీటర్ల లోతున 14 కిలోమీటర్లు, 50 మీటర్ల లోతున 175 మీటర్లే. తీరం దగ్గరి నీళ్లకే ఎక్కువ చాకిరీ అన్నమాట! అక్కడ నీళ్లు తేటగా ఉంటే విమానం నుంచి లేజర్‌తో కొలవడం నయం. అదీ కొన్ని పదుల మీటర్ల వరకే.

ఇక ఉపగ్రహం. అది అసలు లోతునే కొలవదు. దాని రాడార్ తరంగాలు నీటిలోకి దిగవు కాబట్టి, నీటి పైభాగం ఎంత ఎత్తున ఉందో మాత్రమే చూస్తుంది. అడుగున 2,000 మీటర్ల కొండ ఉంటే దాని గురుత్వాకర్షణకు చుట్టుపక్కల నీరు అటు చేరి, పైన దాదాపు రెండు మీటర్ల ఉబ్బు తేలుతుంది. ఆ ఉబ్బును బట్టి కింద ఏముందో లెక్కగడతారు. చిన్న గుట్టలు దీనికి చిక్కవు. మందపాటి మట్టి కింద పూడిపోయిన కొండలు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. అయినా స్మిత్, శాండ్‌వెల్ అనే శాస్త్రవేత్తలు 1997లో దాదాపు ప్రపంచ సముద్రాలన్నిటికీ పటం ఇచ్చింది ఈ దారిలోనే. ఓడలు నేరుగా కొలిచిన సముద్రపు అడుగుభాగం 2025 నాటికీ నాలుగో వంతు కన్నా కాస్తే ఎక్కువ. సగటున 3,700 మీటర్ల లోతున్న సముద్రాలను ఓడలతో గాలించడం మాటలా?

ఎంత సోనార్ పక్షం వహించినా ఒక సంగతి ఒప్పుకోవాలి. 2005 జనవరిలో అమెరికా జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో పసిఫిక్ దీవి గువామ్‌కు దక్షిణాన నీటి అడుగున ఒక కొండను గుద్దుకుంది. ఒక నావికుడు చనిపోయాడు. వాళ్లు వాడుతున్న చార్టులో ఆ కొండ లేదు. ఉపగ్రహ చిత్రాల్లో మాత్రం అక్కడ ఏదో ఉందన్న ఆనవాలు ముందే ఉంది.