ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏది మేలు: మాంగానా, మ్యూజా?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తూ గెలాక్సీల మీద ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లకు టెలిస్కోప్ లేదన్న బెంగ అక్కర్లేదు. డేటా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఎవరి డేటా తీసుకోవాలన్నదే తేల్చుకోవాలి.

మాంగా అనేది గెలాక్సీల సర్వే, మ్యూజ్ అనేది టెలిస్కోప్‌కు బిగించే పరికరం. రెండూ గెలాక్సీలో చోటు చోటుకూ విడిగా స్పెక్ట్రమ్ (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) తీస్తాయి. అందులోని వెలుగు గీతలు వాయువు సంగతి చెబితే, నల్ల గీతలు నక్షత్రాల వయసు, వేగం చెబుతాయి.

న్యూమెక్సికోలోని 2.5 మీటర్ల టెలిస్కోప్‌తో మాంగా 2014 నుంచి 2020 దాకా దాదాపు 10,000 గెలాక్సీలను చూసింది. చిలీలోని 8.2 మీటర్ల వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్)కి బిగించిన మ్యూజ్ పరికరంతో, దగ్గరి గెలాక్సీలను పరిశీలించే ఫ్యాంగ్స్ అనే బృందం సర్వే చేసినవి 19 మాత్రమే. ఈ అంకెలు చూసి మోసపోవద్దు. మాంగాలో విడిగా కనబడే అతి చిన్న చోటు కూడా చాలా గెలాక్సీల్లో 3,000 కాంతి సంవత్సరాలకు పైనే ఉంటుంది. నక్షత్రాలు పుట్టే మేఘమూ, దాని చుట్టూ పలుచగా పరుచుకున్న వాయువూ అందులో కలగలిసిపోతాయి. పలుచటి వాయువులో హైడ్రోజన్ ఆల్ఫాతో (హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర గీతతో) పోలిస్తే గంధకం గీతలు బలంగా ఉంటాయి. రెంటినీ కలిపి కొలిస్తే ఆక్సిజన్ ఎంతుందో, కొత్త నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతున్నాయో వేసే లెక్కలు పక్కదారి పడతాయి. మ్యూజ్‌లో ఆ చోటు సుమారు 300 కాంతి సంవత్సరాలే. ఎం74 అనే దగ్గరి గెలాక్సీ సర్పిల భుజాల్లో మేఘాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడొచ్చు.

అలాగని మ్యూజ్‌లో లోటు లేదని కాదు. ఈ సర్వే స్పెక్ట్రమ్ 4,800 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర మొదలవుతుంది కాబట్టి, దగ్గరి గెలాక్సీల్లో 3,727 దగ్గరుండే ఆక్సిజన్ గీత దానికి అందదు. 3,600 నుంచే మొదలయ్యే మాంగాకు అందుతుంది.

డిస్క్‌లో నక్షత్రాలు పైకీ కిందికీ ఎంత చెదురుగా కదులుతున్నాయో కొలవాలంటే మాత్రం రెండూ చాలవు. డిస్క్ అంచుల్లో ఆ వేగం సెకనుకు 20, 30 కిలోమీటర్లే. మాంగా పరికరం వల్ల గీతలకు వచ్చే మసకే సెకనుకు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ ప్రశ్న జోలికి వెళ్లకండి.

ఒక్క సెమిస్టరే ఉంటే నా ఓటు మాంగాకే. గీతల బలం, వేగం ముందే లెక్కగట్టిన మ్యాపులు దొరుకుతాయి, మార్విన్ అనే పైథాన్ టూల్ కూడా ఉంది. మ్యూజ్ క్యూబులు (చోటు చోటు స్పెక్ట్రమ్‌లూ ఉన్న డేటా ఫైళ్లు) జీబీల్లో ఉంటాయి, హాస్టల్ వైఫైతో టెన్షనే. మేఘాల మీదే మనసుంటే ఒక్క ఎం74 దించుకోండి, మిగతా పద్దెనిమిదీ వద్దు.