రాత్రి పెళ్లి ఫొటోలను డార్క్‌టేబుల్‌తో సరిదిద్దుకోవడం: కొన్నేళ్ల వాడకం తరువాత

తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలను సరిదిద్దడం నేర్చుకోదలచినవారికి డార్క్‌టేబుల్‌ను నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. కొన్నేళ్లుగా బంధువుల ఇళ్లలో జరిగే పెళ్లిళ్ల ఫొటోలన్నిటినీ దీనిలోనే సరిచేస్తున్నాను. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2009లో లినక్స్ వాడకందార్ల కోసం మొదలై, 2017 డిసెంబరులో వెలువడిన 2.4 వెర్షన్‌తో విండోస్‌కూ వచ్చింది. అసలు ఫైలును ఇది ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కనే ఒక చిన్న ఎక్స్ఎంపీ ఫైలులో నమోదవుతాయి కనుక, కొత్తగా నేర్చుకునేవారు నిర్భయంగా ప్రయోగాలు చేయవచ్చు.

మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకనో తెల్లవారుజామునో ఉంటాయి. మండపం మీదికి వీడియో లైటు ఒక పక్క నుంచే పడుతుంది, వెనుక హాలు మసకగా ఉంటుంది, వధూవరులేమో తెల్లని మధుపర్కాలలో ఉంటారు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తన ముందున్నదంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో పనిచేస్తుంది. అందువల్ల ఫ్రేము నిండా మధుపర్కాలే ఉన్నప్పుడు ఫొటో నల్లబడి ముఖాలు కమిలినట్టు వస్తాయి. అదే చీకటి హాలు ఎక్కువగా కనిపించేటట్టు దూరం నుంచి తీస్తే, బట్టల తెలుపు మితిమీరి అంచుల నేత కూడా మాయమవుతుంది. ఒకే నిమిషంలో తీసిన రెండు ఫొటోలకు రెండు విరుద్ధమైన లోపాలు రావడానికి కారణం ఇదే.

మొదటి రకం లోపానికి డార్క్‌టేబుల్‌లో మంచి మందు ఉంది, కానీ ఫొటోను రా ఫైలుగా, అంటే కెమెరా సెన్సరు నమోదు చేసిన సమాచారాన్ని కుదించకుండా ఉంచే ఫైలుగా, తీసి ఉండాలి. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. చీకటి భాగాలను పైకి లాగినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది. నేను ముందుగా ఎక్స్‌పోజర్ మాడ్యూల్ (ఫొటో మొత్తం వెలుతురును మార్చే పనిముట్టు) తెరిచి, బట్టల తెలుపు ఏమవుతున్నదో పట్టించుకోకుండా, ముఖాలు సహజంగా కనిపించేవరకు స్లైడరు జరుపుతాను. ఈ స్లైడరు కొలత ఈవీ; ఒక ఈవీ పెంచడమంటే వెలుతురును రెట్టింపు చేయడమే. ఆ దశలో తెలుపు హద్దు దాటినా సమాచారం పోదు. తరువాత వచ్చే సిగ్మాయిడ్ మాడ్యూల్ దానిని మెల్లగా హద్దులోకి తెస్తుంది. ఈ వరుస తెలియక చాలామంది మొదటే షాడోస్ (నీడ భాగాల వెలుగు) మాత్రం పెంచుతారు, దానితో నల్లని భాగాలన్నీ బూడిదబారి ఫొటో నిర్జీవమవుతుంది.

నాకు అన్నిటికంటె ఉపయోగపడినది టోన్ ఈక్వలైజర్. జీలకర్రబెల్లం పెట్టే సమయంలో లైటు వధువు వైపు ఉండి వరుడి ముఖం నీడలో పడినప్పుడు, కర్సరును ఆ నీడ మీద ఉంచి మౌసు చక్రం తిప్పితే చాలు, అంతే వెలుగు ఉన్న భాగాలు మాత్రమే తేరుకుంటాయి, బుగ్గ మీది వివరాలు చెడవు. ఇది చోటును బట్టి కాక వెలుగు స్థాయిని బట్టి పనిచేస్తుంది కనుక, అదే స్థాయిలో ఉన్న వెనుక తెర కూడా కొంత పైకి వస్తుంది. అప్పుడు మార్పు ముఖానికే పరిమితమయ్యేలా దాని చుట్టూ మాస్కు గీసుకోవాలి. కొత్తవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మాస్కింగ్ ట్యాబులోని హిస్టోగ్రామ్ (ఏ వెలుగు స్థాయిలో ఫొటో ఎంత ఉందో చూపే పటం) ఒక మూలకు కుంచించుకుపోయి ఉంటే, స్లైడర్లను ఎంత కదిపినా ఫలితం ఉండదు. మాస్కు ఎక్స్‌పోజర్, మాస్కు కాంట్రాస్ట్ స్లైడర్ల పక్కనున్న మంత్రదండం గుర్తులను నొక్కితే అది పరచుకుంటుంది.

నాయిస్, అంటే తక్కువ వెలుతురు ఫొటోలలో కనిపించే చుక్కల విషయంలో న్యాయంగా మాట్లాడాలి. కాంతి కణాలుగా వచ్చి పడుతుంది కనుక, వెలుతురు నాలుగు రెట్లు పెరిగితేగాని ఫొటో రెండు రెట్లు శుభ్రంగా రాదు. అసలే తక్కువ అందిన వెలుతురును మనం పెంచినప్పుడు ఆ చుక్కలూ పెరుగుతాయి. డినాయిస్ ప్రొఫైల్డ్ మాడ్యూల్‌లో అనేక కెమెరాలకు, వాటి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) స్థాయిలకు ముందే కొలిచిన వివరాలు ఉన్నందున, దానిని ఆన్ చేయగానే రంగు చుక్కలు చాలావరకు పోతాయి. అయితే ఫొటోను నూరు శాతం పరిమాణంలో చూస్తూ దాని తీవ్రతను తగ్గించుకోవాలని నా గట్టి అభిప్రాయం. లేకపోతే చీర మీది జరీ, పెద్దవాళ్ల ముఖాల మీది ముడతలు మైనం పూసినట్టు నున్నబడతాయి. నానమ్మ ముఖంలో ముడతలు లేకపోతే అది నానమ్మ ఫొటో కాదు.

ఏ సాఫ్ట్‌వేరూ చేయలేనివి కొన్ని ఉన్నాయి. తలంబ్రాలు పోసేటప్పుడు షట్టరు నెమ్మదిగా ఉండి చేతులు చెదిరిపోతే ఆ స్పష్టత తిరిగి రాదు. మూడు రంగుల చానళ్లూ పూర్తిగా నిండిపోయిన తెలుపులో నేతను వెదకడం వృథా. పాత పసుపుపచ్చ సోడియం దీపాల కింద తీసిన ఊరేగింపు ఫొటోలో కుంకుమ ఎరుపును రప్పించలేము, ఎందుకంటే ఆ కాంతి చాలావరకు 589 నానోమీటర్ల దగ్గరే గుమిగూడి ఉంటుంది. అటువంటివాటిని నేను నలుపు తెలుపులోకి మార్చేస్తాను.

ఇబ్బందుల మాటకు వస్తే, మాడ్యూళ్లు పదుల సంఖ్యలో ఉండడం, ఒకే పనికి రెండు మూడు ఉండడం మొదట్లో తికమక పెడతాయి. బిగినర్ అనే అమరిక ఎంచుకుంటే కొంత తేలిక. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో నాయిస్ తగ్గించినప్పుడు ప్రతి మార్పుకూ కాస్త ఆగవలసి వస్తుంది. దీనికి ప్రతిగా, ఒక ఫొటోకు చేసిన సవరణలను కాపీ చేసి, అదే లైటులో తీసిన మిగతావాటన్నిటికీ ఒకేసారి అంటించే సౌకర్యం ఆ సమయాన్నంతటినీ తిరిగి ఇచ్చేస్తుంది.

ఆల్బమ్‌కు ఇచ్చే ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. చీకటి గదిలో స్క్రీను వెలుగు పూర్తిగా పెంచుకుని పనిచేస్తే ఫొటో సరిపోయినట్టే అనిపిస్తుంది, ముద్రణలో మాత్రం ముఖాలు మళ్లీ నల్లగా వస్తాయి. అందుకే నేను గదిలో దీపం వేసుకుని, స్క్రీను వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్ చూసుకుంటూ సరిదిద్దుతాను. మొత్తం ఆల్బమ్ ఇచ్చేముందు రెండు మూడు ఫొటోలను చిన్న సైజులో ప్రింటు వేయించి, పగటి వెలుతురులో చూస్తాను.