పది ట్విస్ట్ .243: ఆరేళ్ళ తర్వాత

ఆరేళ్ళు, దాదాపు పద్నాలుగు వందల రౌండ్లు. ఈ .243 విన్‌చెస్టర్ (0.243 అంగుళాల మందం బుల్లెట్ ఉండే తూటా) బోల్ట్ రైఫిల్ మీద నా కోపమంతా ఒక్క అంకె మీదే: బారెల్ ట్విస్ట్, అంటే బుల్లెట్‌ను తిప్పే లోపలి మెలికల గాళ్ళు, పది అంగుళాలకు ఒక చుట్టు. అంకె తగ్గేకొద్దీ బుల్లెట్ ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మిగతాదంతా బాగానే ఉంది.

"ఏ బుల్లెట్ వేసినా అంగుళం వెడల్పులోనే పడుతుంది" అని మొదటి ఏడాది అందరికీ చెప్పింది నేనే. అప్పట్లో వేసినవి 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) సాఫ్ట్ పాయింట్లు (ముక్కున సీసం బయటికుండేవి), 85 గ్రెయిన్ల రాగివి. రెండూ అంగుళం పొడవే. ఆ మాటకు ఇప్పుడు "బుల్లెట్ పొడవు అంగుళం దాటనంతవరకు" అని తగిలించాలి.

బెడిసికొట్టింది 105 గ్రెయిన్ల సన్నముక్కు బుల్లెట్‌తో. ఐదు గ్రెయిన్లే కదా ఎక్కువ అనిపిస్తుంది. క్యాలిపర్‌లో పెడితే 1.25 అంగుళాలు. జూలైలో కొలరాడోలో, ఆరు వేల అడుగుల ఎత్తున, 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో 100 గజాలకు అంగుళంపావు గ్రూపు (కంతలన్నీ పడిన వెడల్పు) వచ్చింది. అదే పెట్టెలోవి జనవరిలో హ్యూస్టన్ దగ్గర, 35 డిగ్రీల చలిలో వేస్తే 50 గజాల కాగితం మీదే కోడిగుడ్డు ఆకారపు కంతలు. ఒకటైతే బుల్లెట్ అడ్డంగా దూరినట్టు, అచ్చం తాళంచెవి కంత. 100 గజాల దగ్గర ఐదింట్లో రెండు కాగితానికే తగల్లేదు. స్కోపు మరలు బిగించినా, బారెల్‌లో పేరుకున్న రాగి తీసినా, మూతి అంచును భూతద్దంతో చూసినా లోపం దొరకలేదు.

లెక్కలో దొరికింది. సముద్రమట్టం, 59 డిగ్రీలు, సెకనుకు 2,900 అడుగుల వేగం పెట్టి మిల్లర్ సూత్రంలో (బుల్లెట్ గాలిలో నిలకడగా పోతుందో లేదో చెప్పే లెక్క) వేస్తే ఈ బుల్లెట్ స్థిరత్వం 0.93. ఒకటికి తగ్గితే ముక్కు ముందుకు నిలవదు, వేటకు 1.5 దాకా ఉంటే నిశ్చింత. కొండ మీది పల్చటి వేడిగాలి దాన్ని 1.2కి లేపింది, హ్యూస్టన్ చిక్కటి చలిగాలి 0.9 దిగువకు లాగింది. 100 గ్రెయిన్లదానికి ఇదే బారెల్‌లో 1.7 వస్తుంది. బరువు పెరిగితే నిజానికి మేలే. దెబ్బ కొట్టేది పొడవు, అదీ ఇంచుమించు ఘనం లెక్కన.

ఇది కొత్త తలనొప్పేం కాదు. 1955లో రెమింగ్టన్ కంపెనీ తన .244 తూటాను 12 ట్విస్ట్‌తో తెచ్చి, అదే ఏడాది 10 ట్విస్ట్‌తో వచ్చిన .243 ముందు చతికిలపడింది. తర్వాత 9 ట్విస్ట్‌కు మారి, 1963లో 6 ఎంఎం రెమింగ్టన్ అని తూటా పేరే మార్చుకుంది.

కొనేముందు ట్విస్ట్ కొలుచుకోండి. తుపాకీ ఖాళీయేనని చూసి బోల్ట్ తీసేయాలి. బేరింగ్ పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన ప్యాచ్ తొడిగి, రాడ్ మీద మార్కర్‌తో గీత పెట్టి మెల్లగా తోయాలి. గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేసరికి రాడ్ ఎంత లోపలికి పోయిందో అదే ట్విస్ట్. ప్యాచ్ వదులైతే జారి పదిని పదకొండు చూపిస్తుంది, అందుకే మూడుసార్లు కొలవాలి.

రెండు వందల గజాల లోపు అడవిపందులు, తెల్లతోక జింకలే మీ పనైతే 100 గ్రెయిన్లతో ఈ బారెల్ చాలు. కయోటీల (నక్కలాంటి అమెరికా జంతువుల) మీద 55 గ్రెయిన్ల పల్చటి జాకెట్ (పైని రాగి తొడుగు) బుల్లెట్లు 3,900 అడుగుల వేగంతో వేసేవాళ్ళకు పదే నయం: 8 ట్విస్ట్‌లో అవి నిమిషానికి 3,51,000 చుట్లు తిరుగుతాయి, జాకెట్ చిరిగినా చిరగొచ్చు. నేను చలికాలంలో, సముద్రమట్టం దగ్గర, పొడవాటివే వేస్తాను. బారెల్ గొంతు (బుల్లెట్ మొదట గాళ్ళలోకి దూరే చోటు) అరిగేదాకా ఓపిక పట్టి, తర్వాత 8 ట్విస్ట్ బారెల్ వేయిస్తాను.