పిండివంటలకు తవుడు నూనె: నాలుగేళ్లు వాడిన తర్వాత

తిరుపతిలోని మా ఇంట్లో 2022 వరకు నూనెలో దేవే వంటలన్నింటికీ పొద్దుతిరుగుడు నూనే వాడేవాళ్లం. ఆ ఏడాది ఉక్రెయిన్ యుద్ధం వల్ల దిగుమతులు తగ్గి దాని ధర బాగా పెరగడంతో ప్రత్యామ్నాయం వెతకవలసి వచ్చింది. అప్పటి నుంచి గానుగ చెనక్కాయల నూనె, నువ్వుల నూనె, పామాయిల్, రిఫైన్డ్ తవుడు నూనె వాడి చూశాను. పిండివంటల వరకు తవుడు నూనె దగ్గరే ఆగిపోయాను.

మొదట మనసు లాగింది గానుగ నూనె వైపే. చిత్తూరు జిల్లాలో పెరిగినవారికి చెనక్కాయల నూనె కాగిన వాసన వస్తేనే వంట జరుగుతున్నట్లు ఉంటుంది. అయితే శుద్ధి చేయని ఆ నూనె సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగ వదలడం మొదలుపెడుతుంది. వడలు, నిప్పట్లు సరిగ్గా కాలాలంటే 170 నుంచి 180 డిగ్రీల వేడి కావాలి. ఒక సంక్రాంతికి అలసంద వడలు వేస్తుంటే, తడి పిండి పడగానే నురుగు బాణలి అంచుదాకా పొంగింది. మూడో వాయికి అడుగున చేరిన మడ్డి నల్లబడి, ప్రతి వడకూ సన్నని చుక్కలుగా అంటుకుంది. రుచి మాత్రం అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాలి.

నువ్వుల నూనె ఖరీదు ఎక్కువ, ఊరగాయలకే బాగుంటుంది. పామాయిల్‌లో మురుకులు కరకరలాడతాయి కానీ, అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

రిఫైన్డ్ తవుడు నూనె సుమారు 230 డిగ్రీల వరకు పొగ రాకుండా తట్టుకుంటుంది. వేడికి త్వరగా చెడే లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు మామూలు పొద్దుతిరుగుడు నూనెలో కంటే ఇందులో బాగా తక్కువ, పైగా ఒరైజనాల్ అనే సహజ రక్షక పదార్థం కూడా ఉంటుంది. దాని ఫలితం మా డబ్బాలోనే కనిపించింది: పొద్దుతిరుగుడు నూనెలో కాల్చిన నిప్పట్లు పది రోజులకే ముక్కిపోయిన వాసన వచ్చేవి, ఇవి మూడు వారాలు నిలిచాయి. లోపం ఒకటే, ఈ నూనెకు తనదైన కమ్మదనం లేదు. కొనేటప్పుడు ప్యాకెట్ మీది అక్షరాలు చదవడం అవసరం. ఒకసారి తొందరలో మిశ్రమ నూనెను తవుడు నూనె అనుకొని తెచ్చుకున్నాను.

ఏ నూనె అయినా మళ్లీ మళ్లీ కాస్తే చెడుతుంది. నూనె కాగి చెడేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన 2018 జూలై నుంచి అమలులో ఉంది. ఇంట్లో ఆ కొలత తీయలేం కనుక, నూనె చిక్కబడినా, సన్నని మంట మీదే పొగ వచ్చినా పారేస్తాను. ఒకసారి కాగిన దాన్ని గుడ్డలో వడగట్టి, మూడు రోజుల్లో కూరలకు వాడేస్తాను. గానుగ నూనె మాత్రం తాలింపులకూ, ఊరుబిండి పచ్చడికీ ఇప్పటికీ నెలకు ఒక లీటరు తెస్తున్నాను.