నిన్నమొన్న పుట్టిన నేల మీద నాలుగు రోజులు

హవాయి వెళ్ళొచ్చామని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే: "లావా చూశారా?" చూడలేదు. కిలవేయా అగ్నిపర్వతం శిఖరం మీది హలెమౌమౌ బిలంలో 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా సాగుతున్న రోజులవి. కొన్ని గంటలు నిప్పు ఫౌంటెన్‌లా ఎగజిమ్మడం, ఆ తర్వాత రోజుల తరబడి విరామం. మేం సరిగ్గా విరామంలో దిగాం. రాత్రిపూట బిలం అడుగున ఓ ఎర్రటి చుక్క, పైన పొగ, అంతే కనిపించింది. అయినా ఒక్క పూట కూడా వృథా అయిందనిపించలేదు.

ఈ అగ్నిపర్వతం ఉన్న దీవి బిగ్ ఐలాండ్. అక్కడికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఎండా బీచీ చూసుకుని పడమటి తీరాన ఉన్న కోనాలో దిగుతారు, అగ్నిపర్వతాల పార్కుకి ఒక్కరోజులో వెళ్ళొస్తారు. కారులో పోవడానికే రెండు గంటల పైన పడుతుంది, తిరిగి రావడానికి మళ్ళీ అంతే. అలా చేయకండి. పార్కు పక్కనే ఉన్న వాల్కనో అనే ఊళ్ళో కనీసం రెండు రాత్రులు ఉండండి. పార్కు ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి జనం పోయాక రాత్రి తొమ్మిదింటికి బిలం అంచుకి వెళ్ళొచ్చు. మేం వెళ్ళినప్పుడు కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లింది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

ఊరు సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉంది, వానా చలీ రెండూ ఎక్కువే. మేం తీసుకున్న కాటేజీలో హీటరు పనిచేయలేదు, దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. ఫోను చేస్తే మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఎవరూ రాలేదు. అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకుంది. బుక్ చేసేముందు హీటరు సంగతి తప్పకుండా అడగండి. వంటగది మాత్రం బాగుంది. ఆ చలిలో వేడివేడి చారన్నం ప్రాణం లేచొచ్చినట్టుండేది. చివరి రాత్రి తూర్పు తీరాన ఉన్న హైలో పట్నంలో ఉన్నాం, గదులు అక్కడ కాస్త చవక. బుధ, శనివారాల్లో పెద్ద సంత జరుగుతుంది, బొప్పాయిలు అక్కడే కొనుక్కోండి.

పార్కులో ఒక్కటే చూడగలమంటే నా ఓటు కిలవేయా ఇకీ అనే పక్క బిలానికి. 1959లో ఇక్కడ లావా 1,900 అడుగుల ఎత్తుకి ఎగసింది, గుంటలో చెరువులా నిలిచింది. అది అడుగుదాకా గడ్డకట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు దాని మీద నడుస్తాం. చుట్టు తిరిగొస్తే 3.3 మైళ్ళు, నాలుగు వందల అడుగులు దిగి ఎక్కాలి. పగుళ్ళలోంచి ఆవిరి వస్తుంటుంది. అమ్మ కిందికి దిగలేదు, పై నుంచే చూసింది. 1959 అనగానే "నా ఈడుదే" అంది. ఆ నల్లటి పలక మీద అక్కడక్కడ ఓహియా చెట్లు, వాటికి ఎర్రటి లెహువా పూలు. అమ్మలాంటి వాళ్ళకి పక్కనే ఉన్న డెవాస్టేషన్ ట్రయల్ హాయి, చదునైన తారు బాట. థర్స్టన్ లావా సొరంగానికి పొద్దున్నే వెళ్ళకపోతే కారు పెట్టే చోటే దొరకదు. ఆయాసం ఉన్నవాళ్ళు గంధకపు పొగ ఎటు వీస్తోందో చూసుకుని బయల్దేరాలి.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం పార్కు బయట, తూర్పున ఉన్న పూనా ప్రాంతం. 2018లో అక్కడ ఇళ్ళ మధ్యే నేల చీలి లావా పొంగింది. దాదాపు 700 ఇళ్ళు పోయాయి, కపోహో అఖాతం పూర్తిగా పూడిపోయింది, సముద్రంలో సుమారు 875 ఎకరాల కొత్త నేల పుట్టింది. లావా మీదుగా మళ్ళీ వేసిన రోడ్డులో వెళ్తుంటే రెండు పక్కలా కొలిమి చిట్టెంలాంటి గరుకు రాయి. దాన్ని ఆఆ అంటారు. పాలమీగడలా ముడతలు పడి నున్నగా ఉండేది పహోయిహోయి.

అమ్మది కొవ్వూరు వైపు. "ఏమే అమ్మాయ్, ఇది మన పంగిడి నల్లరాయిలా లేదూ?" అంది. నిజమే. పంగిడి క్వారీల్లో తవ్వే రాయీ లావానే. దక్కన్‌ని కప్పిన ప్రవాహాల తూర్పు కొస అది, వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. చిన్నప్పుడు మా వీధి రోడ్డుకి పరిచిన కంకర ఎప్పుడో ఇలాగే ఎర్రగా పారిందని అక్కడ నిలబడితే గానీ నాకు తట్టలేదు.

పూనాలోనే ఉన్న పోహోయికి తీరంలో లావా సముద్రాన్ని తాకి పగిలి నల్ల ఇసుక తీరంగా మారింది, పడవలు దింపే చోటు ఆ ఇసుకతో మూసుకుపోయింది. అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుందామని చిటికెడు ఇసుక తీసింది. ఇక్కడి రాయీ ఇసకా పట్టుకెళ్ళకూడదు, ఇక్కడివాళ్ళకి ఇది అగ్నిపర్వతాల దేవత పెలే అమ్మవారి సొత్తు అని నేను చెప్పగానే వదిలేసి దణ్ణం పెట్టుకుంది. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు, ఫొటోలు తీసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఆఖరి పూట కలపానా వెళ్ళాం. 1990లో ఊరు ఊరంతా లావా కింద కూరుకుపోయిన చోటది. కొత్త తీరానికి నడిచే దారి పొడుగునా అక్కడివాళ్ళు కొబ్బరి మొక్కలు నాటారు. అమ్మ ఒక మొక్క దగ్గర కూర్చుని మొదలు తడిమి చూసింది.

"మట్టే లేదు కదే, వేరెక్కడికి దిగుతుంది?"

"పగుళ్ళలోకి దిగుతుందేమోనమ్మా."

"నీళ్ళో?"

"వానే."

కాసేపు అక్కడే కూర్చుంది. లేచి, ఆ తర్వాతి మొక్క దగ్గరికి నడిచింది.