మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి ‘సీటు గ్యారంటీ’ కోచింగ్: డబ్బు కట్టే ముందు జాగ్రత్త

బ్రిటన్, కెనడా లాంటి దేశాల్లో మెడికల్ స్కూల్ నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చిన పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ‘సీటు గ్యారంటీ’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక ఇంటర్వ్యూ కోచింగ్ ప్యాకేజీ మా తమ్ముడి కోసం తీసుకున్నాం. డబ్బు పోవడం ఒక ఎత్తు. సొంతంగా చక్కగా మాట్లాడే కుర్రాడు, ఆ క్లాసులు అయ్యేసరికి ఏది అడిగినా పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడటం ఇంకో ఎత్తు. సంస్థ పేరు ఇక్కడ రాయను. ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి. బోర్డు మారినంత మాత్రాన సరుకు మారదు, అందుకే సరుకు గురించే చెప్తాను.

వాళ్లు చెప్పింది ఇది. అడ్మిషన్ కమిటీల్లో పనిచేసినవాళ్లే మాక్ ఇంటర్వ్యూలు చేస్తారు. ఒక్కొక్కరికీ విడిగా రిపోర్ట్ ఇస్తారు. ఈ ఏడాది అడగబోయే ప్రశ్నల బ్యాంక్ చేతికిస్తారు. సీటు రాకపోతే డబ్బు వాపస్. తీరా డబ్బు కట్టాక ఏ కాలేజీ కమిటీలో, ఏ హోదాలో పనిచేశారని అడిగితే ‘అది కాన్ఫిడెన్షియల్’ అన్నారు. కనీసం డాక్టరా కాదా అన్నది కూడా చెప్పలేదు. మాక్ ఇంటర్వ్యూలో అవతలి మనిషి కెమెరానే ఆన్ చేయలేదు. ప్రశ్న చదవడం, జవాబు అయ్యేదాకా ఆగడం, ‘గుడ్’ అనడం, తర్వాతి ప్రశ్న చదవడం, అంతే. తమ్ముడు చెప్పిన మాట పట్టుకుని ఒక్క ఎదురుప్రశ్న కూడా రాలేదు. నిజమైన ఇంటర్వ్యూలో పిల్లల్ని తూచేది ఆ ఎదురుప్రశ్నలతోనే.

తర్వాత రిపోర్ట్ వచ్చింది. మొదటి పేజీలో తమ్ముడి పేరే ఉంది. రెండో పేజీకి వచ్చేసరికి ‘ఆమె’ అని రాశారు. వృద్ధాశ్రమంలో చేసిన సేవ గురించి ఇంకా లోతుగా చెప్పాలని సలహా ఇచ్చారు. మా వాడు వృద్ధాశ్రమంలో ఎప్పుడూ పనిచేయలేదు. చూపు లేని విద్యార్థులకు పరీక్షలు రాసిపెట్టేవాడు, ఆ విషయం మాక్‌లో చాలాసేపు చెప్పాడు కూడా. దాని గురించి రిపోర్ట్‌లో ఒక్క ముక్క లేదు. ఎవరో అమ్మాయికి తయారుచేసిన రిపోర్ట్‌లో పేరు మార్చి మాకు పంపారన్నమాట. నాకు డబ్బు కంటే ఎక్కువ భయం వేసింది ఇక్కడే. ఆ అమ్మాయి వివరాలు మా దగ్గరికి వచ్చాయంటే, తమ్ముడు అప్‌లోడ్ చేసిన పర్సనల్ స్టేట్‌మెంట్ (దరఖాస్తులో తన గురించి రాసుకునే వ్యాసం), వాడి అనుభవాలు ఇంకెవరి ఫైల్‌లోకి వెళ్లాయో!

ఇక ‘మోడల్ ఆన్సర్ల’ ఫైల్. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు అన్న ప్రశ్నకి జవాబు ఇలా మొదలవుతుంది: ‘నా చిన్నతనంలో మా ______ (నాయనమ్మ / తాతయ్య / అమ్మ) తీవ్రమైన జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు...’ ఖాళీలో ఎవరో ఒకరిని పెట్టుకోవాలి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఇంట్లో మనిషి జబ్బును కల్పించి చెప్పమని నేర్పిస్తున్నారు. అదీ డాక్టర్ కావడానికి. ఇది నాకు ఎంత తప్పుగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

తప్పొప్పుల సంగతి అలా ఉంచినా, ఇలాంటి కథ పట్టుబడుతుంది. బ్రిటన్‌లో యూనివర్సిటీ అడ్మిషన్లు చూసే యూకాస్ సంస్థ 2007లో పర్సనల్ స్టేట్‌మెంట్లను పోల్చి చూసినప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో పైజమాకి కన్నం పడేలా కాల్చుకున్నామన్న ఒకే సంఘటన 234 మంది దరఖాస్తుల్లో కనిపించింది. నమూనాగా దొరికిన కథనే అంతమంది తమదిగా రాసుకున్నారు. ఆ తర్వాత స్టేట్‌మెంట్లలో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ మామూలైపోయింది. ఇంటర్వ్యూ గదిలో అయితే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ‘ఆ రోజు నర్సు నీతో ఏమంది? అప్పుడు నీకు ఏమనిపించింది? డాక్టరే ఎందుకు, నర్సు కావాలని ఎందుకు అనుకోలేదు?’ అని వరుసగా అడిగితే, జరగని సంఘటనకి జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? వీడియో ఇంటర్వ్యూలో పక్కన పెట్టుకున్న కాగితం చదువుతుంటే కళ్లు కదలడం కూడా తెలిసిపోతుంది.

చాలా కాలేజీలు ఇప్పుడు వాడుతున్న ఎంఎంఐ పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ ప్యాకేజీలు ఎక్కువగా దాని పేరు చెప్పే అమ్ముతున్నారు. మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు రూపొందించి 2004లో ప్రచురించారు. ఒకే ప్యానెల్ ముందు అరగంటో గంటో కూర్చోబెట్టే బదులు చిన్న చిన్న స్టేషన్లు పెడతారు. తలుపు బయట ఒక సందర్భం రాసి ఉంటుంది. అది చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇస్తారు, తర్వాత లోపలికి వెళ్లి ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడాలి. గంట మోగితే అది అయిపోయినట్టే, పక్క స్టేషన్‌కి వెళ్లాలి. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పరీక్షకుడు మార్కులు వేస్తాడు. ఒక స్టేషన్‌లో తడబడినా, అక్కడున్న మనిషికి నచ్చకపోయినా, దాంతో మొత్తం పోదు. ఒక్కరి అభిప్రాయం మీద పిల్లల భవిష్యత్తు ఆధారపడకూడదనే ఈ పద్ధతి పెట్టారు. అంటే ఇక్కడ పనికొచ్చేది ఎప్పుడూ చూడని సందర్భాన్ని రెండు నిమిషాల్లో అర్థం చేసుకుని మనసులో ఆలోచన పైకి చెప్పగలగడం. కంఠస్థం చేసిన జవాబుకి అక్కడ చోటెక్కడిది?

మా తమ్ముడికి వీళ్లు నేర్పింది వింటే మీకే అర్థమవుతుంది. సందర్భం ఇది: నీతో పనిచేసే జూనియర్ డాక్టర్ పొద్దున్నే వార్డుకి వచ్చాడు, అతని దగ్గర మద్యం వాసన వస్తోంది, ఏం చేస్తావు? వైద్య నీతిలో నాలుగు సూత్రాలు చెప్తారు కదా, రోగి స్వయంగా నిర్ణయించుకునే హక్కు, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం. ఏ ప్రశ్నకైనా ముందు ఈ నాలుగూ వరుసగా చెప్పి, ఆ తర్వాత ‘కాబట్టి వెంటనే ఫిర్యాదు చేస్తాను’ అని ముగించమన్నారు. తమ్ముడు అలాగే చెప్పాడు. మాకు తెలిసిన ఒక డాక్టర్ గారు అది విని, ‘బాబూ, నువ్వు ఇవన్నీ చెప్పేలోపు అతను పేషెంట్‌కి ఇంజెక్షన్ ఇచ్చేస్తే?’ అని అడిగారు. వాడు నీళ్లు నమిలాడు. నిజానికి మొదట రావాల్సింది అదే: పేషెంట్ల దగ్గర నుంచి అతన్ని పక్కకి తీసుకెళ్లాలి. ఆ తర్వాత ఒంటరిగా మాట్లాడాలి, ఎందుకంటే మనకి తెలిసింది వాసన ఒక్కటే, అది తాగడం వల్లేనా అన్నది ఇంకా తెలియదు. తాగి ఉన్నా లేకపోయినా సీనియర్‌కి చెప్పాలి, దాచకూడదు. అతనికి ఏదైనా కష్టం ఉంటే సాయం దొరికే దారి కూడా చూడాలి. ఇదే మాట పిల్లాడు తన మాటల్లో, ఒక్క సూత్రం పేరు ఎత్తకుండా చెప్పినా వినేవాళ్లకి అందులో నాలుగూ కనిపిస్తాయి. ఆ డాక్టర్ గారు డబ్బు తీసుకోకుండా అరగంటలో నేర్పింది, ఆ ప్యాకేజీ మొత్తంలో నేర్పలేదు.

రోల్‌ప్లే (ఒక పాత్రలో ఉండి మాట్లాడాల్సిన స్టేషన్) ఇంకా ఘోరం. చెడు కబురు చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఒకటుంది. క్యాన్సర్ డాక్టర్ల కోసం 2000లో ప్రచురించారు. మంచి పద్ధతే, డాక్టర్లకి ఎంతో పనికొస్తుంది. దాన్ని ఇంకా కాలేజీలో అడుగుపెట్టని పిల్లలకి బట్టీ పట్టించారు. ఇంట్లో ప్రాక్టీసుకి నేను పక్కింటావిడగా కూర్చున్నాను. నేను తమ్ముడిని నమ్మి అప్పగించిన నా పెంపుడు కుక్క తప్పిపోయిందని వాడు నాకు చెప్పాలి. నేను తల దించుకుని కళ్లు తుడుచుకుంటున్నాను, వాడు ఆగలేదు. ‘మీ బాధ నేను అర్థం చేసుకోగలను’ అని ఒకే నిమిషంలో మూడుసార్లు అని, తర్వాతి మెట్టుకి వెళ్లిపోయాడు. మళ్లీ చేద్దాం, ఈసారి ఆ ఫైల్ మర్చిపో అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘తలుపు సరిగ్గా వేయలేదండీ, తప్పు నాదే. ఇప్పుడే వెళ్లి వెతుకుదాం, మీరూ వస్తారా?’ అన్నాడు. నటిస్తున్నానని తెలిసి కూడా నాకు గొంతు పట్టేసింది. ఈ స్టేషన్లలో వాళ్లు చూసేది వైద్యం తెలుసా లేదా అని కాదు. ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఆగగలవా, తప్పు ఒప్పుకోగలవా, ఇప్పుడేం చేద్దామో చెప్పగలవా అని.

ప్రశ్నల బ్యాంక్ విషయంలో గట్టిగా చెప్తున్నాను, దాని జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లందరి దగ్గర ప్రశ్నలు బయటపెట్టబోమని చాలా కాలేజీలు సంతకం తీసుకుంటాయి. వీళ్లు అమ్ముతున్నవి నిజంగా లీకైన ప్రశ్నలైతే, కొన్నవాళ్లు కూడా చిక్కుల్లో పడతారు, వచ్చిన సీటు కూడా పోవచ్చు. లీకైనవి కాకపోతే మనకి అబద్ధం చెప్పి అమ్మినట్టు. మాకు ఇచ్చిన ఫైల్‌లో ఉన్నవన్నీ నెట్‌లో ఉచితంగా దొరికే పాత నమూనా ప్రశ్నలే.

కోచింగ్ తీసుకోకపోతే మన పిల్లలు వెనకబడిపోతారేమో అన్న భయం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఆస్ట్రేలియాలో ఒక మెడికల్ స్కూల్‌కి అప్లై చేసినవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2008లో వచ్చింది. కోచింగ్‌కి వెళ్లినవాళ్లకి ఎంఎంఐలో దానివల్ల లాభం కనిపించలేదు. నేను ప్రాక్టీసు వద్దనడం లేదు. ప్రాక్టీసు చాలా అవసరం, ముఖ్యంగా టైమర్ పెట్టుకుని, కొత్త మనిషి ఎదురుగా, గట్టిగా పైకి మాట్లాడటం. టెన్షన్ తగ్గేది అలాగే. అమెరికాలో ఏఏఎంసీ (అక్కడి మెడికల్ కాలేజీల సంఘం), బ్రిటన్‌లో మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ ఇంటర్వ్యూల గురించి ఉచితంగానే సమాచారం పెట్టాయి. డాక్టర్ ఎలా నడుచుకోవాలో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన మార్గదర్శకాలు ఎవరైనా చదువుకోవచ్చు. మీరు వెళ్లబోయే కాలేజీ సైట్‌లోనే ఏ తరహా ఇంటర్వ్యూ, ఏయే గుణాలు చూస్తారు అన్నది చాలాసార్లు రాసి ఉంటుంది. ముందు అది చదవండి. అక్కడ చదువుతున్న సీనియర్ ఒక్కరు దొరికితే ఇంకేం కావాలి!

అయినా కోచింగ్ కొనాలనుకుంటే, కట్టే ముందు మాక్ చేయబోయే మనిషి పేరు, అనుభవం అడగండి. చెప్పకపోతే అక్కడితో వదిలేయండి. ఎదురుప్రశ్నలు వేస్తారా, కెమెరా ఆన్‌లో ఉంటుందా, సెషన్ రికార్డింగ్ ఇస్తారా అని అడిగి, జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి. ప్యాకేజీ అంతా ఒకేసారి కొనకండి, ముందు ఒక్క సెషన్ తీసుకుని చూడండి. ‘రేపటితో ఆఫర్ అయిపోతుంది’ అని తొందరపెట్టేవాళ్లని అస్సలు నమ్మకండి. సీటు ఇచ్చేది కాలేజీ. బయటివాళ్లు ఎవరూ దానికి హామీ ఇవ్వలేరు. మాకు ఇచ్చిన ‘డబ్బు వాపస్’ హామీ కింద చిన్న అక్షరాల్లో ఏముందో తర్వాత చూశాం: ప్రతి క్లాసూ హాజరై ఉండాలి, ప్రతి ఫారమ్ గడువులోగా నింపి ఉండాలి, వాళ్లు చెప్పినన్ని కాలేజీలకి అప్లై చేసి ఉండాలి. క్లాసులు రద్దు చేసింది వాళ్లే, మేం హాజరు కాలేదని వాపస్ ఇవ్వనన్నది కూడా వాళ్లే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఉంటే ఆలస్యం చేయకండి. వాళ్ల పేజీలో ఉన్న హామీలన్నీ ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మేం ఫిర్యాదు చేశాక ‘అడ్మిషన్ కమిటీ సభ్యులు’ అన్న మాట ఆ పేజీలోంచి మాయమైంది. రద్దయిన క్లాసుల మెసేజ్‌లు, తప్పుడు రిపోర్ట్ దాచిపెట్టుకోండి. రీఫండ్ ఈమెయిల్‌లోనే అడగండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి చెప్పి ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టుకోవడం) అడగొచ్చు, కానీ దానికి గడువు ఉంటుంది కాబట్టి వాళ్లు ‘చూస్తున్నాం, చూస్తున్నాం’ అని సాగదీస్తుంటే ఊరుకోకండి. మాది బ్యాంకు పరిశీలనలో ఉంది. పిల్లల స్టేట్‌మెంట్లు, అనుభవాల వివరాలు తొలగించమని కూడా అదే ఈమెయిల్‌లో రాయండి. తొలగించినట్టు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా వదలకండి. ఇంటర్వ్యూకి ఇంకా టైమ్ ఉంటే, ఆ మోడల్ ఆన్సర్ల ఫైల్‌ని పిల్లల ల్యాప్‌టాప్‌లోంచి తీసేయండి.