ఆడి గాలిలో అద్దె కారు: మదురై, రామేశ్వరం, కన్యాకుమారి

డిపాజిట్ కట్టింది రూ.10,000. తిరిగి చేతికొచ్చింది రూ.6,500. ధనుష్కోడిలో గాలికి కారు తలుపు వంగిందని మిగతా రూ.3,500 మదురైలో కారు అద్దెకిచ్చినతను కోసుకున్నాడు. తలుపు వంగిన మాట నిజమే, దానికి డబ్బు ఇవ్వాల్సిందే, కాదనను. కానీ అతను మా చేతిలో పెట్టిన కారు ఎలాంటిదో నాలుగు రోజుల్లో తెలిసింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. జులై, ఆగస్టుల్లో, అంటే తమిళుల ఆడి మాసం గాలుల్లో, పిల్లాపాపలతో ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఉంటారని ఇదంతా రాస్తున్నాను.

విజయవాడ నుంచి రైల్లో మదురై వెళ్ళి, అక్కడ నాలుగు రోజులకి సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాం. రోజుకి రూ.2,600. ఫోన్లో మాట్లాడుకున్నది సెడాన్. తీరా వెళ్తే అది సర్వీసుకి పోయిందని, పొడుగ్గా నిలబడి ఉండే చిన్న కారొకటి చూపించాడు. పైన క్యారియర్ కూడా ఉంది. "సామాను పైన వేసుకుంటే మీకే హాయి" అన్నాడు. అమ్మ, నా భార్య, పదేళ్ళ పాప, బావమరిది, నేను కలిపి అయిదుగురం, నాలుగు పెట్టెలు. ఏసీ చల్లగా ఉంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. సరేనన్నాం. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది అక్కడే.

మదురైలో మీనాక్షి అమ్మవారి దర్శనం హాయిగా జరిగింది. పరమకుడి, రామనాథపురం మీదుగా మండపం దాకా రోడ్డు బాగుంది, చెప్పడానికేమీ లేదు.

కథ పాంబన్ వంతెన మీద మొదలైంది. 1988లో తెరిచిన ఈ రోడ్డు వంతెన రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది, మధ్యలో బాగా ఎత్తుకి లేస్తుంది. రామేశ్వరం వైపు వెళ్తుంటే కుడి చేతి వైపు మన్నార్ సింధుశాఖ. నైరుతి గాలి అటు నుంచే వస్తుంది, అడ్డంగా ఒక్క చెట్టు కూడా ఉండదు. బావమరిది నడుపుతున్నాడు, వేగం 70 పైన ఉంది. వంతెన ఎక్కగానే ఎవరో పక్కనుంచి భుజంతో తోసినట్టు కారు ఎడమకి జరిగింది. అతను స్టీరింగ్ కుడికి తిప్పాడు. అంతలో ఎదురుగా వస్తున్న బస్సు మమ్మల్ని దాటింది. అది మాకు అడ్డుగా ఉన్న ఆ ఒక్క క్షణం గాలి ఆగిపోవడంతో, తిప్పి ఉన్న స్టీరింగు కారుని కుడికి లాగింది. బస్సు వెళ్ళగానే మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఎడమకి. వెనక సీట్లో అమ్మ విష్ణు సహస్రనామం అందుకుంది. పాప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బావా, బండి నా మాట వినట్లేదు" అని బావమరిది అన్నప్పుడు అతని గొంతులో వణుకు నాకు తెలిసింది. బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలెయ్, స్టీరింగు కొద్దికొద్దిగానే కదుపు అన్నాను. 40కి దిగాక కారు అదుపులోకి వచ్చింది.

వంతెన దిగి అద్దెకిచ్చినతనికి ఫోన్ చేశాను. "అక్కడ అందరికీ అంతే సార్" అని పెట్టేశాడు.

అందరికీ అంతే కాదు. అదే వంతెన మీద మా వెనకే వచ్చిన సెడాన్ గీత గీసినట్టు వెళ్ళింది. పొడుగు కారుకి పక్క గోడ పెద్దది, గాలికి దొరికే చోటు ఎక్కువ. బరువు తక్కువైతే తోపు ఇంకా బాగా తెలుస్తుంది. పైన క్యారియర్ మీద నాలుగు పెట్టెలు వేస్తే ఆ గోడ మరో అడుగు లేచినట్టే, పైగా బరువంతా నెత్తిన ఉంటుంది. పక్కగాలి సాధారణంగా కారు ముందు భాగాన్నే ఎక్కువగా నెడుతుంది కాబట్టి మూతి పక్కకి తిరుగుతుంది. ఇక వేగం. 80లో వెళ్తుంటే ఒక్క సెకనులో 22 మీటర్లు పోతాం, 50లో అయితే 14. మనం తేరుకుని సరిదిద్దేలోపు కారు ఎంత పక్కకి పోతుందో ఆ తేడాలోనే ఉంది. పక్కనే రైలు వంతెన మీద గాలిని కొలిచే పరికరం ఉంటుంది, గాలి హద్దు దాటితే సిగ్నల్ ఎర్రబడి రైలు ఆగిపోతుంది. 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెనకీ ఆ ఏర్పాటు ఉంది. రోడ్డు మీద మనకి ఆ లెక్క చూసిపెట్టేవాళ్ళెవరూ లేరు, మనమే చూసుకోవాలి.

రామేశ్వరంలో గది రూ.1,800, శుభ్రంగా ఉంది. 22 తీర్థాల స్నానానికి మనిషికి రూ.25 టికెట్. అమ్మ ముఖం అప్పుడు వికసించింది.

మర్నాడు ధనుష్కోడి. రామేశ్వరం నుంచి రోడ్డు చివర అరిచల్ మునై దాకా 20 కిలోమీటర్ల పైన. 1964 డిసెంబర్ తుఫానులో కొట్టుకుపోయిన ఊరి శిథిలాలు దారిలోనే ఉంటాయి. గాలికి ఇసుక రోడ్డు మీదికి పాములా పాకుతూ వస్తుంది, దాని మీద చక్రం జారుతుంది, నెమ్మదిగా వెళ్ళండి. చివర కారు ఆపాం. గాలి మాకు వెనక నుంచి వస్తోందని చూసుకోలేదు. నా భార్య తలుపు గడియ తీసిందో లేదో, గాలి దాన్ని లాక్కుని ముందుకి విసిరింది. పెళ్ళుమని చప్పుడు. ఆ తర్వాత ఆ తలుపు సరిగ్గా పడలేదు. తను ఆ పూటంతా బాధపడింది, ఆ సముద్రాన్ని సరిగ్గా చూడనే లేదు. ఇలాంటి చోట కారు మూతి గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి, ఒక్కొక్క తలుపే తీయాలి, రెండో చెయ్యి తలుపు మీదే ఉండాలి.

ఆ సాయంత్రం రామేశ్వరంలో ఒక పంక్చర్ షాపు దగ్గర ఆగాం. ఈ ప్రయాణంలో నేను చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన మనిషి ఆ షాపు పెద్దాయనే. గేజ్ పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. తలుపు దగ్గర స్టిక్కర్ మీద టైర్లలో ఉండాల్సిన గాలి 33 అని ఉంది. మా ముందు టైర్లు 24, 25. వెనక ఎడమది 22, కుడిది 31. స్టెప్నీలో గాలే లేదు. టైరులో గాలి తక్కువైతే పక్కలు మెత్తబడి, పైన బండి ఒరుగుతూ ఉంటుందని, స్టీరింగు తిప్పిన కాసేపటికి గానీ చక్రం వినదని ఆయన చేతులతో చేసి చూపించాడు. తమిళంలో గాలిని కాత్తు అంటారు, టైరులోదీ కాత్తే, బయటిదీ కాత్తే. "లోపలి కాత్తు లేకపోతే బయటి కాత్తు ఆడుకుంటుంది" అన్నది ఆయన మాటల్లో నాకు అర్థమైన సారం. ఆడి మాసం గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని వాళ్ళ సామెత ఒకటి కూడా చెప్పాడు. అయిదు టైర్లకీ గాలి కొట్టి రూ.50 తీసుకున్నాడు. నేను వంద ఇస్తే మిగతా యాభై నా జేబులో పెట్టేశాడు. క్యారియర్ మీద పెట్టెలు దింపి లోపల పెట్టుకోమన్నది కూడా ఆయనే.

రెండు పెట్టెలు డిక్కీలో, రెండు కాళ్ళ దగ్గర ఇరికించాం. పాపకి ఇబ్బందే, అయినా కిక్కురుమనలేదు. మర్నాడు పాంబన్ మీద గాలి తగ్గలేదు, కారూ అదే. నేను 45లో నడిపాను. తోపు తెలిసింది గానీ, స్టీరింగు తిప్పిన వెంటనే కారు మాట విన్నది.

కన్యాకుమారి నన్ను నిరాశపరిచింది. రెండు గంటలు లైన్లో నిలబడ్డాక గాలి వల్ల వివేకానంద శిలకి పడవలు ఆపేశామన్నారు. అది మన మేలుకే. కానీ రూ.3,200 పెట్టి తీసుకున్న సముద్రం గదిలో కిటికీ గడియ విరిగి ఉంది. రాత్రంతా ఈల వేసినట్టు మోత. గది మార్చమంటే ఖాళీల్లేవన్నారు, పొద్దున చూస్తే పక్క రెండు గదులకీ తాళాలే. ఆ కాలంలో సముద్రం వైపు గది అడగకండి, వెనక వైపు గది చవక, నిద్రా పడుతుంది.

తిరుగు దారిలో శుచీంద్రం చూసుకుని నాగర్‌కోయిల్ మీదుగా ఆరల్వాయిమొళి కనుమలోకి వచ్చాం. పడమటి కనుమలు ముగిసే చోట ఆ సందులోంచి గాలి దూసుకొస్తుంది, అందుకే ముప్పందల్ దగ్గర ఎటు చూసినా గాలిమరలే. పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి వంద దాటాక వదిలేసింది. అక్కడ గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కారు తేలిగ్గా పోతుంది, ఏమీ తెలియదు. కావల్‌కిణరు దగ్గర తిరునెల్వేలి వైపు ఉత్తరానికి తిరిగాక అదే గాలి ఎడమ చెంప మీద కొడుతుంది. పణగుడి, వళ్ళియూరు దాటేదాకా లారీల పక్కనుంచి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచండి. ఎడమన లారీ ఉన్నంతసేపూ గాలి ఉండదు, దాని మూతి దాటగానే కారు డివైడర్ వైపు గెంతుతుంది. బావమరిది అక్కడ తనే అడిగి స్టీరింగు తీసుకున్నాడు. మదురై దాకా 60 దాటించలేదు.

కారు అప్పగించేటప్పుడు టైర్ల గాలి సంగతి, స్టెప్నీ సంగతి ఫోటోలతో చూపించాను. వాటి మాటెత్తకుండా అతను తలుపు దగ్గరే కూర్చున్నాడు. చివరికి రూ.6,500 లెక్కపెట్టి ఇచ్చాడు. మేము ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు, అదే కారు పక్కన మరో కుటుంబం పెట్టెలతో నిలబడి ఉంది. నేను వెనక్కి వెళ్ళి, పెట్టెలు పైన వెయ్యొద్దని, ముందు టైర్లలో గాలి చూపించుకోండని ఆ ఇంటాయనతో చెప్పి వచ్చాను.